నేతగాని కల, వడ్రంగి నాటకం



మరమగ్గాల చప్పుడు మధ్య అక్షరాలు దిద్దుకునే పద్మనగర్ బిడ్డలకు ఆంగ్ల నాటక సాహిత్యంలో ఒక కులవృత్తి బంధువు ఉన్నాడు. పేరు నిక్ బాటమ్, వృత్తి నేత. షేక్‌స్పియర్ 1595-96 ప్రాంతంలో రచించగా 1600లో అచ్చయిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' అనే హాస్యనాటకంలోని పాత్ర ఇతడు. ఆనాటి ఆంగ్లంలో 'బాటమ్' అంటే నూలు చుట్టే కండె.

ఏథెన్సు రాజు థీసియస్ వివాహానికి ఒక నాటకం ఆడాలని ఆరుగురు శ్రామికులు సంకల్పిస్తారు. వారి నాయకుడు పీటర్ క్విన్స్ అనే వడ్రంగి. పాత్రలు పంచేవాడు, అభ్యాసం చేయించేవాడు, ప్రస్తావన చదివేవాడు అతడే. పాట వ్రాయాలన్నా బాటమ్‌కు గుర్తుకు వచ్చేది అతడే. ఆ బృందానికి కవీ, సూత్రధారీ అతడే అన్నమాట.

వారి కష్టాలు చూస్తే నవ్వు ఆగదు. గోడ కావాలి, ఒక మనిషినే గోడగా నిలబెడతారు. వెన్నెల కావాలి, లాంతరు పట్టుకొని ఒకడు చంద్రుడవుతాడు. సింహాన్ని చూసి స్త్రీలు జడుసుకుంటారేమోనని, తాను సింహం కానని ఆ వేషధారి చేతనే చెప్పిస్తారు. తీరా సభలో క్విన్స్ ఆగవలసిన చోట ఆగక, ఆగరాని చోట ఆగుతాడు. మిమ్మల్ని రంజింపజేయ వచ్చామన్న మాట కాస్తా నొప్పింప వచ్చామన్నట్లు ధ్వనిస్తుంది! విరామ చిహ్నాల విలువకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

కాయలు కాచిన చేతులవారు ఆడే నాటకం చూడదగినది కాదని ఉత్సవాధికారి వారిస్తాడు. వినయంతో, భక్తితో ఇచ్చేది ఏదీ తక్కువది కాదని రాజు అంగీకరిస్తాడు. అయినా ప్రేక్షకులలోని యువ ప్రభువులు అడుగడుగునా ఎగతాళి చేస్తారు. అంతకు ముందు రాత్రి అడవిలో మంత్రమోహితులై, ప్రేయసి ఎవరో కూడా మరచి తిరిగినవారు వారే! వనదేవతల రాణి సన్నిధి ఆ ప్రభువులకు దక్కలేదు. గాడిద తలతోనైనా, ఆ నేతగానికే దక్కింది. కవి పక్షపాతం ఎటువైపో ఇక్కడే తెలుస్తుంది. చేతితొడుగులు కుట్టే వృత్తిదారుని కుమారుడు షేక్‌స్పియర్.

పద్మశాలీలకు ఈ సంగతి కొత్త కాదు. పటాలు పరచి మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారిని తరతరాలుగా ఆదరించింది తెలంగాణ నేతకారులే. పొట్టకూటికి భివండి చేరినా, ఆ కళాభిరుచిని పడుగులో దారంలా వెంట తెచ్చుకొన్నారు.

విద్యార్థులారా! వేదికపై మాట తడబడితే సిగ్గుపడనక్కరలేదు. క్విన్స్ తడబడ్డాడు, కాని నాటకాన్ని విడిచిపెట్టలేదు. నవ్విన ప్రభువుల పేర్లు లోకానికి అంతగా గుర్తు లేవు. నేతగాని పేరు మాత్రం నాలుగు వందల ఏండ్లుగా నిలిచి ఉంది. స్వస్తి.