ఎండాకాలం పెరటికి చలికాలంలోనే పని

(మార్గశిర మాసంలో జరిగిన సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)

 

నన్ను పెరటి తోటల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పేముందు నేను చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

పోయిన మార్చి నెలలో మా సంఘంలో ఐదుగురికి నేనే నచ్చజెప్పి, తలా రెండు వేలు అంతర్గత అప్పు ఇప్పించి పెరళ్లు వేయించాను. విత్తనాల ప్యాకెట్లు కొన్నాం, కంచె కట్టాం. బీర, సొర, బెండ బాగానే మొలిచినయ్యి. నాలుగాకులు వేసేసరికి కాలవ కట్టేశారు. ఇంకేం చేస్తాం, బోరు నీళ్లు పోశాం. పదిహేను రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయినయ్యి. పాదుల చుట్టూ నేల మీద తెల్లగా ఉప్పు పేరింది. ఐదు పెరళ్లలో కలిపి ఒక్క బీరకాయ కూడా కొయ్యలేదు.

అందులో ఒక చెల్లెలు రెండు నెలలు కిస్తీ కట్టలేకపోయింది. సమావేశంలో అందరూ ఆమెనే నిలబెట్టి అడిగారు. ఆమె తల వంచుకుని కూర్చుంది. నిజానికి అడగాల్సింది నన్ను. అదను తెలియకుండా ఊపు మీద చేయించింది నేను. ఆ రోజు నేను నోరు తెరవలేదు. అందుకే ఇవాళ ఇక్కడ చెబుతున్నాను.

ఇంటికెళ్లి మా అత్తగారితో చెప్పుకుంటే ఆమె ఒకటే మాట అంది: "పుష్యంలో చెయ్యాల్సిన పని చైత్రంలో చేస్తే భూమి ఊరుకుంటుందా అమ్మాయ్?" నేను ఈ ఏడాది నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

మన నేల సంగతి మనకు తెలుసు. సముద్రం పక్కనే ఉంది. కింద నీళ్లలో ఉప్పు ఉంది. చలికాలంలో నేల తడిగా ఉన్నన్నాళ్లు ఆ ఉప్పు అడుగునే ఉంటుంది. ఎండలు ముదిరాక పైతడి ఆవిరై పోతుంటే, దీపంలో వత్తి నూనెను లాగినట్టు నేల అడుగు నీళ్లను పైకి లాగుతుంది. నీళ్లు గాల్లో కలిసిపోతయ్యి, ఉప్పు మాత్రం పైన మిగిలిపోతుంది. దాని మీద ఉప్పు బోరు నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఉప్పు నీళ్లు ఎక్కిన పొలాలు మళ్లీ దారికి రావాలంటే వాన నీళ్లు, కాలవ నీళ్లే దిక్కని వాళ్లు చెబుతారు. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే ఆ తీపి నీళ్లు కాలవలో ఉండగానే మన పని అయిపోవాలి.

ఇప్పుడు ఏ పని ఎప్పుడో చెబుతాను.

మొదటిది మట్టి పరీక్ష. ఇది ఈ నెలలోనే చేయించాలి. పెరట్లో ఐదారు చోట్ల జానెడు లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి గీకి, అంతా కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో తీసుకెళ్లాలి. పేడదిబ్బ ఉన్న చోట, బూడిద పోసిన చోట తియ్యకూడదు. రైతు సేవా కేంద్రంలో ఇచ్చినా పంపుతారు. దివిసీమ వాళ్లకు ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరే. ఉప్పు ఎంతుందో చెప్పమని ప్రత్యేకంగా అడగండి. బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టుకెళ్లండి.

రెండోది విత్తనం. పాదు మీద ముదిరి ఎండిన బీరకాయ, సొరకాయ ఉంటే ఇప్పుడే కోసి దాచాలి. గింజ తీసి నీడన ఆరబెట్టి, బూడిద, ఎండిన వేపాకు కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనం. నాలుగు మొలిస్తే పక్కన పెట్టేయండి. పోయినసారి ప్యాకెట్లు కొన్నప్పుడు ఈ పది గింజల పరీక్ష కూడా మేం చెయ్యలేదు.

మూడోది పేడ, గడ్డి. ధనుర్మాసం వస్తే పేడంతా గొబ్బెమ్మలకి, భోగి పిడకలకి పోతుంది. పిల్లల ముచ్చట కాదనను, దండకి సరిపడా పిడకలు చేసుకోండి. మిగిలినది గుంటలో వేయండి. ఇరవై కిలోల పేడకు పావుకిలో బెల్లం, పావుకిలో పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, కాస్త ఆవు పంచితం కలిపి నీడన ఆరబెడితే ఘనజీవామృతం తయారవుతుంది. ఇది నెలల తరబడి నిలవ ఉంటుంది. గడ్డి సంగతి ఇంకా తొందర. ఇదివరకు కుప్ప నూర్చి వాము వేసేవాళ్లు, ఎప్పుడంటే అప్పుడు దొరికేది. ఇప్పుడు మిషను కోతల్లో గడ్డి చేలోనే పడిపోతోంది, కొందరు తగలబెడుతున్నారు. కోత రోజునే రైతును అడిగి నాలుగు మోపులు తెచ్చి పెట్టుకోవాలి.

నాలుగోది ఉప్పు కడగడం. ఇది అసలు పని. పెరడు తవ్వి, మళ్లు కట్టి, ఒక పక్క మోకాలి లోతు బోదె తియ్యాలి. కాలవలో నీళ్లున్న రోజుల్లో మడిలో నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు పెట్టి ఇంకనివ్వాలి. ఇంకిన నీళ్లు ఉప్పును కరిగించుకుని బోదెలోకి దిగుతయ్యి. ఇట్టా రెండు మూడు సార్లు చెయ్యాలి. బోదె లేకుండా నీళ్లు పెడితే ఉప్పు ఎక్కడికీ పోదు, ఊరికే బురద అవుతుంది.

గుడివాడ వైపు అక్కలకు ఇంకో మాట. మీది నల్లమట్టి. పదును చూసి తవ్వాలి. తడి ఎక్కువైతే ముద్దలు, ఆరిపోతే రాయి. మధ్యలో నాలుగైదు రోజులే అదను. చేపల చెరువు, రొయ్యల చెరువు గట్టు పక్కన పెరడు ఉన్నవాళ్లు చెరువుకీ పెరటికీ మధ్య బోదె తప్పకుండా తీసుకోండి. బందరు తీరంలో ఇసుక నేలలకు నీళ్లు నిలవవు, వాళ్లు పేడ ఎరువు ఎక్కువ వెయ్యాలి.

ఐదోది విత్తడం. సంక్రాంతి వెళ్లగానే బీర, సొర, కాకర, దోస పెట్టేయాలి. చలికి గింజ ఆలస్యంగా మొలుస్తుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక కనబడ్డాక పెట్టండి. గట్టు కట్టి పెట్టేటప్పుడు గింజను గట్టు నెత్తి మీద కాకుండా పక్క వాలులో పెట్టాలి. ఉప్పు ఎప్పుడూ నెత్తి మీదకే చేరుతుంది. ఈ చిన్న సంగతి తెలియక మేం అన్నీ నెత్తి మీదే పెట్టాం. ఉప్పు ఎక్కువున్న పెరట్లో చిక్కుళ్ల జోలికి పోవద్దు, అవి అసలు తట్టుకోలేవు. తోటకూర, పాలకూర కొంత తట్టుకుంటయ్యి.

ఆరోది కప్పడం. రథసప్తమి నాటికి పాదుల చుట్టూ బెత్తెడు మందాన గడ్డి పరవాలి. నేలకు ఎండ తగలకపోతే తడి పోదు, తడి పోకపోతే ఉప్పు పైకి రాదు. కాలవ కట్టేసేసరికి వేళ్లు లోతుకు దిగి, కాపు మొదలై ఉంటుంది. అప్పుడు బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు పోసినా కొంత నెట్టుకొస్తుంది. సబ్బు నీళ్లు మాత్రం వద్దు. అందులో ఉండేదీ ఒకరకం ఉప్పే.

విత్తనం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఎవరు ఇచ్చిన గింజ అయినా ఏం గింజో తెలియకుండా పెరట్లో వెయ్యకండి. గంజాయి మొక్క పెంచితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక్క మొక్కే కదా అనడానికి ఆ చట్టంలో చోటు లేదు. మన స్థలంలో వేరేవాళ్లు వేశారని తెలిసి చెప్పకుండా ఊరుకున్నా మనకూ శిక్ష పడుతుంది. పెరడు, దొడ్డి, కౌలుకిచ్చిన చెక్క మన పేరు మీద ఉంటున్నాయి. ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి. అనుమానం ఉంటే ఈగల్ వాళ్ల నంబరు 1972కి ఫోన్ చెయ్యండి. మొక్క సంగతి పక్కన పెట్టినా, మన పిల్లలు కాలేజీలకు పోయే వయసులో ఉన్నారు. కంచె మొక్కలకే కాదు, ఇంటికీ కావాలి.

చివరగా సమాఖ్యను మూడు కోరుకుంటున్నాను. పెరటి అప్పు మార్చిలో కాకుండా డిసెంబరు సమావేశంలోనే ఇవ్వాలి. ప్రతి గ్రామ సంఘంలో ఒక విత్తనాల డబ్బా పెట్టాలి. పిడికెడు తీసుకున్నవాళ్లు కాపు అయ్యాక రెండు పిడికిళ్లు తిరిగి వెయ్యాలి. లీడరు చెప్పిన పని నష్టమైతే ఆ సభ్యురాలిని ఒక్కదాన్నే నిలబెట్టకుండా, లీడరు కూడా పక్కన నిలబడాలి. ఈ మూడోది నాకు నేను పెట్టుకున్న నియమం, మీకూ నచ్చితే తీర్మానం రాసుకోండి.

కిస్తీ కట్టలేకపోయిన చెల్లెలు ఈసారి అప్పు అడగలేదు. "మళ్లీ ఎందుకు అక్కా" అంది. పోయిన ఆదివారం మేం నలుగురం పలుగు, పార తీసుకుని వాళ్ల పెరట్లోకి వెళ్లాం. మధ్యాహ్నానికి బోదె తవ్వడం అయింది. సాయంత్రం ఆమె లోపలికి వెళ్లి, అటక మీద దాచిన ముదురు సొరకాయ ఒకటి తెచ్చి ఆడించి చూపించింది. లోపల గింజలు గలగలమన్నాయి.

సంక్రాంతి అయ్యాక అవే పెడతాం.