సీసాలోని ఉప్పునీరు

మేము డాక్టర్లం కాము, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నామంటే, మన ఇళ్లల్లో ఎవరికి కాస్త నీరసం వచ్చినా "డాక్టరు సాబ్, ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి" అంటాము. సీసా వేలాడితే గాని వైద్యం జరిగినట్టు మనకు తోచదు. అదే పసిబిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం తాగే నీళ్లు కూడా మాన్పించి, తెల్లవారాక చూద్దాంలే అని కూర్చుంటాము. ఇది తలకిందుల వ్యవహారం.

విరేచనాల్లో పోయేది నీరొక్కటే కాదు. సోడియం, పొటాషియం, క్లోరైడు, రక్తంలో ఆమ్లం పెరగకుండా కాచే బైకార్బొనేటు, ఇవన్నీ దానితోపాటే పోతాయి. నీరు మరీ తగ్గితే నాడి సన్నగిల్లి, కాళ్లుచేతులు చల్లబడతాయి. దీనినే షాక్ అంటారు.

1832లో కలరా చెలరేగినప్పుడు స్కాట్లండులోని లీత్ పట్టణపు వైద్యుడు థామస్ లాటా ఒక ముసలామె నరంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. అరగంటలో మూడు లీటర్లకు పైగా పోసేసరికి ఆమెకు నాడి తిరిగి వచ్చింది, మాట్లాడింది కూడా. గండం గడిచిందని ఆయన వెళ్లిపోయాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, మళ్లీ ఎక్కించినవారు లేరు. అయిదున్నర గంటలకు ఆమె చనిపోయింది. ఎంత పోతే అంత నింపుతూనే ఉండాలన్న పాఠం అక్కడే ఉంది.

1880 తర్వాత లండనులో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షలు చేశాడు. స్వేదన జలంతో చేసిన ఉప్పునీటిలో ఆగిపోయే గుండె, కుళాయి నీటితో చేసిన దానిలో కొట్టుకుంటూనే ఉంది. కుళాయి నీటిలోని కాల్షియమే కారణం! తర్వాత 1930ల్లో అమెరికా పిల్లల వైద్యుడు హార్ట్‌మన్ దానికి లాక్టేటు చేర్చాడు. కాలేయం దాన్ని బైకార్బొనేటుగా మారుస్తుంది. అదే నేటి రింగర్ లాక్టేట్.

మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు తప్ప మరేమీ లేదు, రింగర్ లాక్టేట్ దొరకనిచోట అదీ పనికి వస్తుంది. మనం అడిగి మరీ పెట్టించుకునే ఉత్త గ్లూకోజులో ఆ ఉప్పు కూడా లేదు, షాక్‌లో ఉన్నవారికి అది చాలదు.

ఏడాది దాటిన 10 కిలోల బిడ్డ తీవ్రంగా ఎండిపోతే లీటరు ఎక్కిస్తారు: 300 మి.లీ. అరగంటలో, తక్కినది రెండున్నర గంటల్లో. బాగా చిక్కిపోయిన బిడ్డకు, గుండెజబ్బు ఉన్నవారికి లెక్క వేరు. అది డాక్టరు చూసుకోవలసిన పని, ఇంట్లో చేసేది కాదు.

ఇంట్లో చేయగలిగింది వేరే ఉంది. 1971లో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. ఆ ఓ.ఆర్.ఎస్. పొట్లాలే నేడు మందుల షాపులో దొరుకుతున్నాయి. కొన్ని లీటరు నీటికి, కొన్ని 200 మి.లీ.కి. పొట్లం మీద చూసి కలపండి.

కళ్లు గుంటలు పడినా, పొట్టమీద చర్మం గిల్లితే మెల్లగా సర్దుకున్నా, మూత్రం ఆగినా, బిడ్డ మత్తుగా ఉన్నా, రాత్రి అనక, పగలనక ఆసుపత్రికి బయలుదేరండి. మింగగలిగితే దారి పొడవునా చెంచాతో పడుతూనే ఉండండి.