రోగి సంగతి ముందు రోగికే



వైద్య నీతి అనగానే మన సభల్లో వెంటిలేటరు, కారుణ్య మరణం గురించిన చర్చే సాగుతుంది. 1973లో ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దాడికి గురైన నర్సు అరుణా శాన్‌బాగ్‌ను తోటి నర్సులు 2015లో ఆమె కన్నుమూసేదాకా సాకారు. ఆ కేసులో 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పు మన పిల్లలంతా చదివేదే. నేను మాత్రం ఈ పూట మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మాట్లాడతాను. అక్కడ నర్సుకు నీతి ప్రశ్న ప్రతి షిఫ్టులోనూ ఎదురవుతుంది.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో చాకిరీ చేసేవాళ్ల కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు లేనివాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. నీళ్లా, పురుగుమందులా, ఎండా? కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. సంతోషం. డయాలసిస్ యంత్రం పక్కన నిలబడే మనిషి రోగితో ఏం మాట్లాడాలన్నది మాత్రం మనం తేల్చుకోలేదు.

డయాలసిస్ నాలుగు గంటల పని. సూది గుచ్చేముందు సిస్టర్ రోగి చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు) దగ్గర వేళ్లు ఆనిస్తుంది. సన్నగా జుమ్మని అదురు తెలియాలి. అది తగ్గితే ముందు తెలిసేది ఆమెకే. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదం ఉంది కాబట్టి, కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లు ముట్టొద్దని చెప్పవలసిందీ ఆమే. ఎందుకో చెప్పకుండా వద్దంటే ఎవరు వింటారు?

ఆ "ఎందుకు" దగ్గరే రోగి కొడుకు అడ్డం పడతాడు. "సిస్టరమ్మా, మా అయ్యకి సెప్పకండి, గుండాగిపోద్ది" అంటాడు. అది ప్రేమే, కాదనను. కానీ కొన్నాళ్లు మిషనెక్కితే నయమైపోతుందని నమ్మిన ఆ తండ్రి, ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు కూలి పోగొట్టుకోవడం ఎందుకని మానేస్తాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి ఆయాసంతో వస్తాడు. తెలిసి ఉంటే రోజు తప్పేవాడు కాదు. కిడ్నీ మార్పిడి గురించి అడిగేవాడు, పొలం సంగతి తేల్చుకునేవాడు. దాపరికం దయ అంటే నేను ఒప్పుకోను.

చట్టం కూడా ఇటే ఉంది. సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. స్పృహ వచ్చాక ఆమెనే అడగాల్సింది. మన వార్డుల్లో మాత్రం కాగితం మీద వేలిముద్ర ఇంకా ఎవరు దగ్గరుంటే వాళ్లదే.

హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే మిషను కేటాయిస్తారు. అది అవసరం. అయితే "ఆయనకి ఆ మిషనెందుకు?" అని పక్క మంచం వాళ్లు అడిగితే సిస్టర్ నోరు జారిందా, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. భార్యకు టీకా వేయించాలి కదా, ఆమెకు చెప్పొద్దా అని మీరడగవచ్చు. చెప్పాలి. ముందు అతన్ని ఒప్పించి, అతనితోనే చెప్పించాలి. దానికి ఓపికా, కూర్చోడానికి ఒక గదీ కావాలి.

ఉద్దానంలో రక్తం తీసుకెళ్లిన పరిశోధన బృందాలకు లెక్కలేదు. రక్తం ఇచ్చినవాళ్లకు ఏం తేలిందో చెప్పే బాధ్యత లేదా? పత్రికల్లో వ్యాసం వచ్చినంత మాత్రాన ఆ బాకీ తీరదు.

కొండల మీద రోగికి సంగతి తెలియజెప్పడం మరీ కష్టం. సీతంపేట ఆసుపత్రికి వచ్చే సవర ఆడకూతురికి ఆపరేషను సంగతి తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకుంటే అది అంగీకారమా? మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారు, ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. ఆయన పేరు చెప్పుకునే సాహితీవేత్తలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకో పని అప్పగిస్తున్నాను: ఆపరేషను, డయాలసిస్ అంగీకార పత్రాలు సవరలో, కువిలో, మన ఉత్తరాంధ్ర వాడుక తెలుగులో రాసిపెట్టండి. ఆ భాషలు మాట్లాడేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.

ఆసుపత్రుల పెద్దలకు ఒక మాట. సిస్టర్ రోగితో మాట్లాడిన అరగంటను కూడా డ్యూటీలో లెక్కించండి. ఒక్కో సిస్టరుకు మోయలేనన్ని మంచాలు అప్పగించి, నిజం చెప్పలేదని ఆమెను నిందించలేం. అంగీకార పత్రాల పని, ఈ అరగంట లెక్క రెండూ సాయంత్రం తీర్మానాల్లో చేరాలని కోరుతూ, తొలి పత్రం చదవవలసిన వారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.