ఎర్రచందనం రుసుములో మన పాలెంత?



ఎర్రచందనం అనగానే మనకు గుర్తొచ్చేవి దొంగరవాణా, లారీలు, పోలీసు కేసులు. నేను ఈ రోజు వాటి గురించి కాదు, ఆ చెట్టు పేరున వసూలయ్యే రుసుము గురించి మాట్లాడతాను.

ప్రపంచం మొత్తంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కడప జిల్లాలోని పాలకొండలు, లంకమల దానికి పుట్టిల్లు. కర్నూలు వైపు నల్లమల అంచుల్లోనూ కొంత ఉంది. వానలు సరిగా పడని రాతినేలలో ఏళ్ల తరబడి గట్టిపడిన ఆ చేవకు చైనా, జపాన్ల దాకా గిరాకీ.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇలాంటి వనరులతో వ్యాపారం చేసేవాళ్లు వచ్చినదాంట్లో కొంత తిరిగి ఇవ్వాలి. ఎర్రచందనం, శ్రీగంధం వంటి వాటికైతే వేలం లేదా అమ్మకం సొమ్ములో 5 శాతానికి తగ్గకుండా కొన్నవాళ్లు ముందే కట్టాలని 2014 మార్గదర్శకాలు చెప్పాయి. అలా జమైన డబ్బు అడవి రక్షణకూ, చెట్టు పెంచినవాళ్లకూ చేరాలి. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, కడపతో సహా నాలుగు జిల్లాల్లో 198 మంది ఎర్రచందనం రైతులకు 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. మంచి పనే, కాదనను.

అయితే రైతు అంటే ఎవరు? కాగితం మీద రైతంటే పట్టా ఉన్న మనిషి. మన దగ్గర ఆ పట్టా చాలా ఇళ్లలో నాయనదో, మొగుడిదో, కొడుకుదో. ఎండాకాలం మొక్క చచ్చిపోకుండా కడవతో నీళ్లు మోసిందెవరు? మేకలు కొరక్కుండా కాసిందెవరు? నర్సరీలో కూలికి పోయి కవర్లలో మట్టి నింపేదెవరు? వాళ్ల పేర్లు ఏ జాబితాలోకీ ఎక్కవు. అడవిలోకి వెళితే పరిస్థితి ఇంకా అన్యాయం. కట్టెల మోపుతో వచ్చే ఆడమనిషినీ దుంగల దొంగనీ ఒకే చూపు చూస్తారు. రుసుము డబ్బంతా గార్డులకూ చెక్‌పోస్టులకే పోతే, అడవి రక్షణ భారం పడేది ఆమె నెత్తినే.

ఇదే చట్టం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలని, ఎస్సీ, ఎస్టీలు 18 శాతానికి తగ్గకూడదని 2004 నిబంధనల్లోనే రాశారు. రాయడానికేం! పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టించుకుపోవడం మనకు తెలియనిదా? సర్పంచి కుర్చీలో భర్త కూర్చోవడం చూస్తూనే ఉన్నాం కదా.

ఊళ్లకు వెళ్లాక పంచాయతీ కార్యదర్శిని అడగండి. కమిటీలో ఉన్న ఆడవాళ్లెవరు, ఆ సంగతి వాళ్లకు తెలుసా, కమిటీకి ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు? నోటిమాటకు జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద రాసివ్వండి. పట్టా తమ పేరున లేకుండా చందనం పెంచుతున్న ఆడవాళ్లుంటే వాళ్ల వివరాలు వచ్చే సమావేశానికి పట్టుకురండి. రాష్ట్ర జీవవైవిధ్య మండలికి అందరం కలిసి అర్జీ పెడదాం.