లక్షన్నర దాటిన కారు: సర్వీస్ లిస్టులో ఏది చేయించాలి, ఏది ఆపాలి?

మంగళగిరి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు నా చేతిలో ఒక కాగితం ఉంది చూడండి. మా కారుకి సర్వీస్ సెంటర్ వాళ్ళు ఇచ్చిన ఎస్టిమేట్ ఇది. పద్నాలుగు పనులు రాశారు. కింద టోటల్ 42,450 రూపాయలు.

కారు 2013 స్విఫ్ట్ డిజైర్, డీజిల్. మీటరు మీద 1,68,000 కిలోమీటర్లు. మా నాన్న కొన్నారు, ఇప్పుడు ఎక్కువగా నేనే నడుపుతున్నా. కాగితం చూసి నాన్న ఒకటే మాట అన్నారు. "ఒరేయ్, ఇంత పెట్టే బదులు అమ్మేద్దాం రా."

అమ్మే పరిస్థితి లేదు. మా అక్కకి తొమ్మిదో నెల. పురిటికి మా ఇంటికి వచ్చింది. డాక్టరమ్మ గుంటూరులో. అర్ధరాత్రి రెండింటికి నొప్పులొస్తే ఈ బండే స్టార్ట్ అవ్వాలి, దారిలో ఆగకుండా వెళ్ళాలి. అలాగని 42 వేలు పెడదామంటే, అవి పురిటి ఖర్చులకి దాచుకున్న డబ్బులు. అందుకే ఈ పద్నాలుగింట్లో ఏది నిజంగా కావాలి, ఏది ఆగుతుంది అని కూర్చుని తేల్చాల్సి వచ్చింది. ఎలా తేల్చానో చెప్తా. మీ ఇంట్లో కూడా పాత బండి ఉంటే పనికొస్తుంది.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

రెండేళ్ళ క్రితం మే నెల. మన వైపు ఎండలు తెలుసుగా, రెంటచింతల పేరు వింటేనే చెమట పడుతుంది. నానమ్మని ఎక్కించుకుని గుంటూరు నుంచి వస్తున్నా. కాజ టోల్ ప్లాజా దగ్గర క్యూలో ఉండగా టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగింది. "ఇంటికి ఇంకెంత దూరంలే" అని లాగించా. రెండు కిలోమీటర్లు కూడా రాలేదు, బానెట్ లోంచి ఆవిరి. నానమ్మని రోడ్డు పక్కన చెట్టు కింద గంటన్నర కూర్చోబెట్టా. రేడియేటర్ కింద రబ్బరు పైపు ఒకటి పగిలి కూలెంట్ అంతా పోయింది. అలాగే నడిపినందుకు హెడ్ గాస్కెట్ పోయింది. 28,000 రూపాయల బిల్లు.

ఆ పైపు ఖరీదు ఏడొందలు. దానికి నెల ముందే అదే బండికి నేను బాడీ కోటింగ్, పాలిష్ అని 6,500 పెట్టాను. బండి తళతళలాడుతూ రోడ్డు పక్కన ఆగింది! డబ్బు పెట్టకపోవడం నా తప్పు కాదు. పెట్టాల్సిన చోట పెట్టలేదు, అదీ తప్పు.

అందుకే ఈసారి ప్రతి ఐటమ్‌కి మూడు ప్రశ్నలు వేసుకున్నా.

ఒకటి, ఇది పాడైతే ఏమవుతుంది? మనిషికి ప్రమాదమా, ఇంజినుకి నష్టమా, లేక కొంచెం చిరాకేనా?

రెండు, పాడయ్యే ముందు నాకు తెలుస్తుందా? చప్పుడు రావడం, అరుగుదల కనపడటం, కొలిస్తే నంబరు రావడం, ఇలా ఏదైనా ఉందా?

మూడు, బండితో వచ్చిన పుస్తకం ఏమంటోంది? సర్వీస్ సెంటర్ గోడ మీద ఉన్న ప్యాకేజీ కాదు, కంపెనీ ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్. పుస్తకం పోతే మీ మోడల్, సంవత్సరం కొట్టి కంపెనీ సైట్‌లో వెతకండి, చాలా మోడళ్ళకి పీడీఎఫ్ దొరుకుతుంది.

ఇది నా సొంత తెలివేం కాదు. విమానాల వాళ్ళు ఇదే లెక్క ఎప్పుడో వేశారు. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన స్టాన్లీ నౌలాన్, హోవర్డ్ హీప్ అనే ఇద్దరు అమెరికా రక్షణ శాఖకి ఒక రిపోర్టు ఇచ్చారు. విమానం భాగాల్లో 100కి 89 భాగాలకి "ఇన్ని గంటలు తిరిగింది కాబట్టి మార్చెయ్" అనే పద్ధతి వల్ల ఉపయోగం లేదని అందులో తేలింది. అంటే ఏమీ చేయక్కర్లేదని కాదు. కొన్నిటిని టైముకి మార్చాలి, మిగతావాటిని చూసి, కొలిచి మార్చాలి. ఏది ఏ గుంపులోకి వస్తుందో తెలియడమే అసలు పని.

సరే, ఇక లిస్టులోకి వద్దాం.

మొదటి గుంపు: అడగకుండా చేయించాల్సినవి. ఇవన్నీ ద్రవాలు, ఫిల్టర్లు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 3,200. ఎయిర్ ఫిల్టర్ 450. డీజిల్ ఫిల్టర్ 1,400. కూలెంట్ 1,500. బ్రేక్ ఆయిల్ 900. గేర్ ఆయిల్ 1,200. మొత్తం 8,650.

ఇంజిన్ ఆయిల్ మా పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. ఈ "ఏది ముందొస్తే అది" అనే ముక్క చాలామంది చదవరు. "ఏడాదిలో నాలుగు వేలే తిరిగింది, ఇంకా టైముందిలే" అంటారు. ఆయిల్‌కి వయసు కూడా ఉంటుందండీ. ఇంకో మాట, దుమ్ములో తిరిగే బండికి పుస్తకమే తక్కువ గడువు చెప్తుంది. మన దగ్గర రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాక టిప్పర్ల దుమ్ము ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్ళే లారీలు, పత్తి లారీల వెనక ఎగిరే పీచు సరేసరి. మా ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే ఎర్రమట్టి రాలింది. హైదరాబాద్‌లో ఆఫీసుకి తిరిగే బండి లెక్క మనకి సరిపోదు.

బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా ముఖ్యం. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ బాగా పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకి పడిపోతుంది. శ్రీశైలం ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే బ్రేకులు బాగా వేడెక్కుతాయి. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి చేరి పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. ముందుగా చప్పుడు రాదు, లైటు వెలగదు. తెలియకుండా పోయేది, పోతే ప్రాణం మీదికి తెచ్చేది. ఇలాంటిదాన్ని వాయిదా వేయకూడదు. సాధారణంగా రెండేళ్ళకోసారి మారుస్తారు. మా బండికి ఎప్పుడు మార్చారో బిల్లే లేదు. రికార్డు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. సెకండ్ హ్యాండ్ కారు కొన్న తమ్ముళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. మన బోరు నీళ్ళకి బకెట్ అంచున తెల్లగా ఉప్పు కడుతుందిగా, అదే రేడియేటర్ లోపలా కడుతుంది. దయచేసి వద్దు. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి, మొహం కాలిపోతుంది.

రెండో గుంపు: కొలిచి చూడాల్సినవి. ముందు బ్రేక్ ప్యాడ్లు, లిస్టులో 2,400. "ఎంత మందం ఉంది అన్నా?" అని అడిగా. రాసిచ్చినాయన చూడలేదు, కిలోమీటర్లు చూసి రాశాడంతే. చక్రం విప్పి కొలిస్తే 6 మిల్లీమీటర్లు ఉంది. 3 దగ్గరికి వస్తే మారుస్తారు. కాబట్టి ఇప్పుడు వద్దు.

బ్యాటరీ 6,200. పాతది రెండేళ్ళదే. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మీటర్ పెడితే 12.5 వోల్టులు. పూర్తిగా ఛార్జ్ అయితే 12.6 దాకా ఉండాలి. స్టార్ట్ చేశాక 14.1 వచ్చింది, అంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తోంది. తర్వాత లోడ్ టెస్ట్ చేయించా, పాసైంది. ఆగొచ్చు.

టైమింగ్ చైన్ 9,500. ఇక్కడ కొంచెం జాగ్రత్త. మా ఇంజిన్‌లో ఉన్నది చైన్. పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకి మార్చమని లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి విన్నాం, గలగల చప్పుడు లేదు. కాబట్టి ఆగొచ్చు. కానీ మీ బండిలో చైన్ కాకుండా బెల్టు ఉంటే ఈ మాట వర్తించదు. ఉదాహరణకి పాత ఇన్నోవా 2.5 డీజిల్‌లో ఉండేది బెల్టు. బెల్టు చెప్పకుండా తెగుతుంది. తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. బెల్టుకి పుస్తకం చెప్పిన లెక్క దాటకండి. మీ బండిలో ఏముందో ఇవాళే కనుక్కోండి.

మూడో గుంపు: రోగం లేకుండా మందు. ఇంజిన్ ఫ్లష్ 900, ఇంజెక్టర్ క్లీనింగ్ 3,500, ఏసీ గ్యాస్ 2,800, అండర్ బాడీ కోటింగ్ 4,500, టెఫ్లాన్ కోటింగ్ 4,000. మొత్తం 15,700. ఇవన్నీ మోసం అని నేను అనను. నల్లపొగ వస్తుంటే, పికప్ తగ్గితే, మైలేజ్ పడిపోతే ఇంజెక్టర్లు చెక్ చేయించాలి. మాకు అవేం లేవు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు, లీకయితేనే తగ్గుతుంది. మా ఏసీ చల్లగానే ఉంది. కోటింగ్ సంగతి నానమ్మని అడగండి, చెట్టు కింద కూర్చున్న గంటన్నర గురించి ఆమే చెప్తుంది.

ఇక అసలు విషయం. ఈ లిస్టు పట్టుకుని మాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్ళా. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసినాయన, బాబాయ్ అని పిలుస్తా. ఆయన లిస్టు చూడలేదు. బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, వెనక టైరు దగ్గర కూర్చుని అడిగాడు. "ఈ టైర్లు ఎప్పటివి రా అబ్బాయ్?"

టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివర్లో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మాది 3117. అంటే 2017లో 31వ వారం. గాడి బాగానే ఉంది, అరుగుదల గుర్తు దాకా రాలేదు. కానీ పక్క గోడల మీద సన్నగా పగుళ్ళు. ఎనిమిదేళ్ళ రబ్బరు, మన ఎండలు, హైవే మీద స్పీడు. తర్వాత బానెట్ ఎత్తి పై రబ్బరు పైపు నొక్కి చూపించాడు. క్లిప్పు దగ్గర ఉబ్బి మెత్తగా ఉంది. రెండేళ్ళ క్రితం కింది పైపే మార్చాం, పైది అలాగే వదిలేశాం!

ఆ రెండు టైర్లూ, ఆ పైపూ పద్నాలుగు ఐటమ్స్‌లో ఎక్కడా లేవు. ఒళ్ళు జలదరించింది నాకు. 42 వేలు కట్టేసి, అన్నీ చేయించేశాం అనే ధైర్యంతో అక్కని ఆ టైర్ల మీదే తీసుకెళ్ళేవాణ్ణి.

టైర్లు రెండూ 9,000, పైపు 700, మొదటి గుంపు 8,650, కూలీ 1,200. మొత్తం 19,550. లిస్టు కంటే 22,900 తక్కువ. కానీ నేను మిగుల్చుకున్న డబ్బు గురించి గొప్పగా చెప్పడానికి రాలేదు. ఆ లిస్టు కిలోమీటర్లు చూసి రాసింది, బండిని చూసి రాసింది కాదు. నేను ఊరికే అన్నీ వద్దని వచ్చేసినా ఆ టైర్లు అలాగే ఉండేవి. అన్నిటికీ సరే అనడం, అన్నిటికీ వద్దనడం, రెండూ ఒకటే. రెండిట్లోనూ బండిని చూసినవాళ్ళు లేరు.

చివరిగా మీ ఫోన్‌తో చేయాల్సిన పని. ఒక ఫోల్డర్ పెట్టండి. ప్రతి సర్వీస్ రోజు మీటరు ఫోటో, బిల్లు ఫోటో, మార్చిన పాత పార్టు ఫోటో అందులో వేయండి. పాత పార్టు చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు, డబ్బు మీది. వాయిదా వేసిన ప్రతిదానికీ రిమైండర్ పెట్టండి. నేను బ్రేక్ ప్యాడ్లు 1,73,000 దగ్గర మళ్ళీ కొలవాలని, చైన్ చప్పుడు నెలకోసారి వినాలని పెట్టుకున్నా. తేదీ వేయకుండా వాయిదా వేస్తే అది మర్చిపోవడమే.

నాన్న ఇప్పుడు అమ్మేద్దాం అనడం లేదు. రోజూ రాత్రి పడుకునే ముందు ఆయనే బండి స్టార్ట్ చేసి, రివర్స్ చేసి, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా పెడుతున్నారు. అక్క నవ్వుతోంది, "ఇంకా రెండు వారాలుంది నాన్నా" అని.

ఈరోజుకి ఇంతేనండీ. ఈ వీడియో అయిపోగానే కిందికి వెళ్ళి మీ టైరు మీద ఆ నాలుగు అంకెలు ఒకసారి చదవండి. పాత కారున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకీ పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.