నడుము నొప్పికి మంచమే మందు కాదు



రాయగడ చెంతనున్న జేకేపూర్‌లో 1962లో కాగితపు మిల్లు వెలసినది. వెదురు మోపులు, కాగితపు కట్టలు, సరుకుల బస్తాలు ఎత్తి దించే చోట నడుము నొప్పి శరీర బాధతో ఆగదు. కూలి మీద బ్రతికే ఇంట వారం రోజులు పని తప్పితే బియ్యానికీ, ఇంటి అద్దెకూ ఇబ్బంది కలుగుతుంది. అందుచేత ఈ నొప్పికి సరియైన చికిత్స ఏదో తెలిసియుండుట అవసరం.

నూటికి సుమారు తొంభై మందిలో ఈ నొప్పికి ప్రత్యేకమైన వ్యాధి ఏదీ కారణంగా కనబడదు. అట్టి నొప్పి చాలామందికి కొన్ని వారాలలో తగ్గిపోతుంది. అయితే నడుము పట్టిన వెంటనే రోజుల తరబడి పడుకొనుట మన ఇళ్లలో అలవాటు. కదలిక లేకున్న కండరాలు బలహీనపడి, కీళ్లు బిగిసి, తిరిగి పనికి పోవుట ఆలస్యమవుతుంది. కనుక మొదట బరువులు మానవలెను గాని నడక మానరాదు. వేడి కాపడం ఉపశమనమిస్తుంది. నొప్పి మాత్రలు వైద్యుని అడిగియే వాడవలెను. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అవి హాని చేయగలవు.

మూడు నెలలు దాటిన నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించినది. వ్యాయామాన్ని, రోగికి తగిన అవగాహన కల్పించుటను అది సూచించినది. నడుము బెల్టులను, బరువు కట్టి లాగే చికిత్సను సాధారణంగా వాడవద్దన్నది.

బరువు ఎత్తునప్పుడు మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకొనవలెను. నడుము మెలితిప్పక పాదాలతో తిరగవలెను. గాయం కలిగించగల అధిక భారాన్ని కార్మికునిచే ఎత్తించరాదని 2025 వరకు అమలులో ఉండిన 1948 నాటి కర్మాగారాల చట్టం 34వ సెక్షను చెప్పినది. అట్టి బరువుకు తోడు మనిషిని కోరుట బద్ధకం కాదు.

కొన్ని లక్షణాలు కనబడిన ఇంటి వైద్యంతో కాలయాపన తగదు. మూత్రం బిగబట్టుట లేక అదుపు తప్పుట, తొడల నడుమ తిమ్మిరి, కాళ్లలో బలం తగ్గుట కనబడిన ఆ రోజే రాయగడ జిల్లా ప్రధాన ఆసుపత్రికి చేరవలెను. జ్వరంతో, బరువు తగ్గుటతో కూడిన నొప్పి వెన్ను క్షయ కావచ్చును. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. కింద పడిన తర్వాత మొదలైన నొప్పిని కూడ వైద్యునికి చూపవలెను.