వేలం పాటకు ముందే ధర తెలియాలి



తిరుమల కొండకు పోయినవాళ్లు కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తారు. మొక్కు తీరుతుంది. గుండుకు చందనం పూసుకుని దర్శనానికి పోతారు. మరి ఆ జుట్టు ఏమవుతుంది? దాన్ని పారేయరు. వేలం వేసి అమ్ముతారు. ఆ డబ్బు దేవస్థానానికి చేరుతుంది.

2011లో తిరుమల తిరుపతి దేవస్థానం ఈ జుట్టును ఆన్‌లైన్ వేలంలో అమ్మడం మొదలుపెట్టింది. ఆన్‌లైన్ అంటే కంప్యూటర్ల ద్వారా. కొనేవాడు తిరుపతికి రానక్కరలేదు. తన ఊళ్లో కూర్చునే పాట పాడవచ్చు. ఆ ఏడు మొదటి వేలంలోనే వంద కోట్ల రూపాయల పైన వచ్చింది.

ఊరికే రాలేదు ఆ డబ్బు. వేలానికి ముందు చాలా పని ఉంది. జుట్టును పొడుగును బట్టి ఏరి వేరు చేస్తారు. 31 అంగుళాలు, ఆ పైన ఉంటే మొదటి రకం. అంటే రెండున్నర అడుగుల పైమాట. 16 నుంచి 30 అంగుళాల దాకా రెండో రకం. 10 నుంచి 15 దాకా మూడోది. 5 నుంచి 9 దాకా నాలుగోది. 5 అంగుళాల లోపు అయిదో రకం. తెల్ల జుట్టును విడిగా పెడతారు.

ఎందుకింత తంటా? 2018 నాటి ధరలు చూడండి. మొదటి రకం కిలో 22 వేల రూపాయల పైన పలికింది. మూడో రకం మూడు వేల లోపే. అయిదో రకానికి కిలోకు యాభై రూపాయలు కూడా లేదు. అన్నీ ఒకే మూటలో కట్టి అమ్మితే ఏమవుతుంది? కొనేవాడు పొట్టి జుట్టును చూపించి పొడుగు జుట్టుకు బేరం తగ్గిస్తాడు.

ఇంకో వింత ఉంది. తెల్ల జుట్టు కిలో అయిదు వేల పైన పోయింది! నెరిసిన జుట్టుకు విలువేముంటుందని అనుకుంటాం కదా. కానీ తెల్ల జుట్టుకు ఏ రంగైనా బాగా పడుతుంది. అందుకని సవరాలు, విగ్గులు చేసేవాళ్లు దాన్ని వెతికి కొంటారు. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఇది తెలిసేది కాదు. బజారులో అడిగితేనే తెలుస్తుంది.

కొండ మీది జుట్టు సంగతి ఇది. మన ఇంటి జుట్టు సంగతి ఏమిటి?

తల దువ్వుకుంటే రాలిన చిక్కును ఉండచుట్టి చూరులో దోపుతారు. ఆరు నెలలకో, ఏడాదికో వీధిలో కేక వినపడుతుంది. "చిక్కెంటికలు ఉంటే తీసుకురండమ్మా! స్టీలు గిన్నెలిస్తాం!" ఆడవాళ్లు గబగబా బయటికి వస్తారు.

"ఇంతకు ఏమిస్తావన్నా?"

"ఈ చిన్న గిన్నె తీసుకోమ్మా."

"ఇంకొంచెం పెద్దది ఇయ్యి."

"గిట్టదు తల్లీ."

బేరం అంతా గిన్నె మీదనే జరుగుతుంది. జుట్టు ఎంత బరువుందో ఎవరూ అడగరు. కిలో ఎంతకు పోతుందో కూడా అడగరు. ఆ చిక్కు మూటలు వ్యాపారుల చేతులు మారుతూ దూరం పోతాయి. కర్ణాటకలో కొప్పళ పక్కన భాగ్యనగర్ అనే ఊరుంది. అక్కడ చిక్కు తీసి, పొడుగును బట్టి కట్టలు కడతారు. అక్కడి నుంచి విదేశాలకు పోతుంది. బాగుచేసిన జుట్టు కిలో వేలల్లో పలుకుతుంది. 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం పచ్చి జుట్టు ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. ధర తక్కువ చూపించి దొంగదారిన దేశం దాటిస్తున్నారని జుట్టు వ్యాపారులే మొరపెట్టుకున్నారు. సర్కారు దాకా పోయిన సరుకు అది. చూరులో మాత్రం అది చెత్తే!

గిన్నెలవాడిది మోసమని కాదు. అతనూ ఎండలో ఊరూరా తిరుగుతాడు. అతని కూలి అతనికి పడాలి. కానీ అతనికి ధర తెలుసు, ఎదుట నిలబడిన ఆమెకు తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

రోజురోజుకూ ధర మారే సరుకైతే ఇంకా జాగ్రత్త కావాలి. టమాటలనే తీసుకోండి. మదనపల్లె టమాట మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జులై చివర అక్కడ మేలు రకం కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. కొన్ని వారాలు గడిచేసరికి ధర కూలిపోయింది. సెప్టెంబరులో కోత కూలి కూడా రాలేదని రైతులు ఏడ్చారు. పోయిన నెల ధర విని ఈ నెల సరుకు తీసుకుపోతే లాభం లేదు. నిన్నటి ధర కావాలి. అదీ ఒక్క మదనపల్లెది చాలదు. పలమనేరులో ఎంత? కలికిరిలో ఎంత? పక్క రాష్ట్రం కోలారులో ఎంత? నాలుగు చోట్ల విచారించాలి.

మార్కెట్టు బోర్డు మీద మూడు ధరలు రాస్తారు. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. చాలామంది గరిష్ఠ ధర చూసి సంబరపడతారు. అది ఒకరిద్దరి మేలైన సరుకుకు వచ్చిన ధర కావచ్చు. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో అది. ఆ అంకెనే చదవాలి. ఒక మాట గుర్తుంచుకోండి. ఈ ధరలు క్వింటాలుకు రాస్తారు. క్వింటాలు అంటే నూరు కిలోలు. 1,500 అని ఉంటే కిలో 15 రూపాయలు.

అడిగే ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. శ్రీకాళహస్తి కలంకారీ చీర బొమ్మను ఫోనులో పెట్టి ఒకామె పది వేలు అని రాయవచ్చు. అంతకు ఎవరైనా కొన్నారా లేదా? చూడవలసింది అది. రాయడానికేం, ఎంతైనా రాయొచ్చు!

2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్టు ప్రారంభించింది. ఊళ్లలోని వ్యవసాయ మార్కెట్లను కంప్యూటరుతో కలిపే పద్ధతి ఇది. మన పడమటి ఊళ్లలో చింతపండు కొట్టి, గింజ తీసేది ఆడవాళ్లే కదా. ఆ చింతపండుకు పేరుపడ్డ మార్కెట్టు హిందూపురం. అక్కడ ఈ-నామ్ పద్ధతిలో వేలం జరుగుతుంది. సరుకు గేటు దగ్గరికి రాగానే పేరు, ఫోను నంబరు రాసుకుంటారు. కుప్పకు ఒక నంబరు ఇస్తారు. వ్యాపారులు సరుకు చూసి, ఎవరి ధర వాళ్లు ఫోనులో కొడతారు. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు. ఎక్కువ కొట్టినవాళ్లకు సరుకు. ఆ ధర నచ్చకపోతే ఇయ్యనని చెప్పే హక్కు అమ్మేవాళ్లకు ఉంది. కానీ సరైన ధర ఎంతో తెలియకుండా ఇయ్యనని ఎట్లా చెప్పగలరు?

హిందూపురంలో కరిపులి అని ఒక రకం, ఫ్లవర్ అని ఒక రకం. కరిపులికి ధర ఎక్కువ. చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతనే ధర అడగాలి.

ఇక లెక్క. పలక తీసుకోండి. ఊళ్లో వ్యాపారి చింతపండు క్వింటాలుకు 8,000 ఇస్తానన్నాడు అనుకుందాం. మార్కెట్టులో 10,000 ఉంది. ఆటోకు 500. కమీషను, కూలీలకు కలిపి 500. 10,000లో 1,000 పోతే 9,000. మార్కెట్టుకు పోతే 1,000 మిగులుతుంది.

మరి ఒకామె దగ్గర 20 కిలోలే ఉంటే? మార్కెట్టులో 2,000 వస్తుంది. కమీషను, కూలి 100. ఆటో మాత్రం అదే 500. చేతికి 1,400. ఊళ్లో అమ్మితే 1,600 వచ్చేది. ఆమె ఒక్కతే పోతే 200 నష్టం. అయిదుగురు కలిసి, ఒకే రకం సరుకు ఒక ఆటోలో వేసుకుపోతే తలా 100 ఆటో బాడుగ. అప్పుడు ఒక్కొక్కరికి 1,800. పొదుపు సంఘంలో కూర్చున్నప్పుడు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. అంకెలు మీ సరుకువి వేయండి.

ధర కోసం కిసాన్ కాల్ సెంటరుకు కూడా ఫోను చేయవచ్చు. నంబరు 1800 180 1551. డబ్బు పడదు. తెలుగులోనే మాట్లాడతారు. పొద్దున 6 గంటల నుంచి రాత్రి 10 దాకా పలుకుతారు. సరుకు పేరు, రకం, మార్కెట్టు పేరు చెప్పి అడగాలి. చెప్పిన ధరను తేదీతో సహా రాసిపెట్టుకోవాలి.